మంచు అబద్ధం, హాయి నిజం

క్రిస్మస్ టీవీ ప్రేమకథల ముగింపు అందరికీ ముందే తెలుసు. అయినా అమెరికాలో ఏటా కోట్లమంది చూస్తారు. తెలిసిన ముగింపు వాటి లోపం కాదు. మధ్యలో ఎవరికీ ఏమీ కాకపోవడమే లోపం.

ఆమె న్యూయార్క్‌లో పెద్ద ఉద్యోగం చేస్తుంటుంది. చెవి దగ్గర్నుంచి ఫోను దించదు. కాబోయే భర్తా అలాంటివాడే, పండగ రోజు కూడా మీటింగులున్నాయంటాడు. ఇంతలో ఆఫీసు పని మీదో, తల్లి రమ్మందనో ఆమె ఓ చిన్న ఊరికి వెళ్లాల్సివస్తుంది. ఊరంతా మంచు, ఇళ్లనిండా దీపాలు. వీధి మలుపులో గళ్ల చొక్కా వేసుకున్న మనిషి ఎదురై ఢీకొంటాడు, కాఫీ ఒలికిపోతుంది. అతను వడ్రంగో, బేకరీ నడిపేవాడో, క్రిస్మస్ చెట్లు పెంచే రైతో అయివుంటాడు. భార్య పోయింది, ఎనిమిదేళ్ల కూతురుంది. ఊళ్లోని పాత హోటల్ మూతపడబోతోంది. దాన్ని కాపాడాలంటే పండగలోగా ఏదో ఒకటి చేయాలి. ఇద్దరూ కలిసి బిస్కెట్లు చేస్తారు, చెట్టుకు దీపాలు కడతారు, మంచులో జారిపడతారు. ముద్దు పెట్టుకోబోయేసరికి ఎవరో ఒకరు వచ్చేస్తారు. చివర్లో ఓ అపార్థం. ఆమె నగరానికి బయల్దేరుతుంది, సగం దారిలో వెనక్కి తిరుగుతుంది. డిసెంబర్ 24 రాత్రి ముద్దు కుదురుతుంది, సరిగ్గా అప్పుడే మంచు కురుస్తుంది.

ఇది ఏ సినిమా కథ అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. గత పాతికేళ్లలో అమెరికా బుల్లితెర కోసం తయారైన కొన్ని వందల సినిమాలకు ఇదే కథ. పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి, బేకరీ స్థానంలో పుస్తకాల దుకాణం వస్తుంది. మొదటి ఐదు నిమిషాల్లో ఎవరు ఎవరిని పెళ్లాడతారో ప్రేక్షకులకు తెలిసిపోతుంది. తెలిసిపోయిందని ఎవరూ చానల్ మార్చరు. మార్చకపోవడంలోనే అసలు విశేషముంది.

ఈ మూసకు పుట్టిల్లు ఓ గ్రీటింగ్ కార్డుల కంపెనీ. 1910లో జాయిస్ హాల్ అనే 18 ఏళ్ల కుర్రాడు రెండు చెప్పుల పెట్టెల నిండా బొమ్మల పోస్టుకార్డులతో మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో దిగాడు. అతని వ్యాపారమే తర్వాత హాల్‌మార్క్ అయింది. టీవీతో ఆ కంపెనీ అనుబంధంలో క్రిస్మస్‌కు మొదట్లోనే చోటు దొరికింది. 1951 డిసెంబర్ 24న ఎన్‌బీసీలో ప్రసారమైన ‘అమాల్ అండ్ ద నైట్ విజిటర్స్’ అనే సంగీత నాటకాన్ని హాల్‌మార్క్ సమర్పించింది. టెలివిజన్ కోసమే రాసిన మొట్టమొదటి ఆపెరా అది. ఓ కుంటి పిల్లవాడు, పేద తల్లి, బాలయేసును వెతుక్కుంటూ వెళ్లే ముగ్గురు రాజులు అందులో పాత్రలు. పేదరికం ఆ కథకు కేంద్రం. అర్ధ శతాబ్దం తర్వాత, 2001లో హాల్‌మార్క్ తన పేరుతోనే ఓ కేబుల్ చానల్ నడపడం మొదలుపెట్టింది. 2009లో ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ పేరిట పండగ సీజన్ మొత్తాన్ని ఈ సినిమాలకే కేటాయించింది.

ఆ తర్వాత జరిగినదంతా అంకెల వ్యవహారం. 2019లో హాల్‌మార్క్ తన రెండు చానళ్లలో కలిపి 40 కొత్త క్రిస్మస్ సినిమాలు విడుదల చేసింది. అక్టోబర్ నెలాఖరులోనే, పిల్లలు ఇంకా హాలోవీన్ ముసుగులు వెతుక్కుంటుండగానే, తెర మీద మంచు మొదలవుతుంది. జూలైలో కూడా కొన్నాళ్లపాటు ఈ సినిమాలే వేస్తారు. లైఫ్‌టైమ్ చానల్ ఇదే బాట పట్టింది. 2017లో ‘ఎ క్రిస్మస్ ప్రిన్స్’తో నెట్‌ఫ్లిక్స్ కూడా రంగంలోకి దిగింది. అక్కడ వడ్రంగి బదులు యువరాజు వచ్చాడు, మిగతాదంతా షరా మామూలే.

ఈ సినిమాలు ఎలా తయారవుతాయో చూస్తే కథలు ఎందుకు ఒకేలా ఉంటాయో కొంత అర్థమవుతుంది. అమెరికాలోని చిన్న ఊరుగా కనిపించేది చాలాసార్లు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలోనో, ఒంటారియోలోనో ఉన్న పట్నం. అక్కడి ప్రభుత్వాలు చిత్రీకరణకు పన్ను రాయితీలిస్తాయి. షూటింగ్ దాదాపు 15 రోజుల్లో ముగుస్తుంది. శీతాకాలానికి సినిమా సిద్ధం కావాలంటే ఎండాకాలంలో తీయాలి. అందుకే నటీనటులు మండుటెండలో ఉన్ని కోట్లు, మఫ్లర్లు వేసుకుని చలికి వణుకుతున్నట్లు నటిస్తారు. మంచు కోసం నురుగు, కాగితపు పొడి, పరిచిన తెల్లటి దూది దుప్పట్లు వాడతారు. చేతుల్లోని కాఫీ కప్పులు ఖాళీవని చూపు ఉన్న ఎవరికైనా తెలిసిపోతుంది.

రచనకు కూడా కొలతలున్నాయి. గంటన్నర సినిమాను ప్రకటనలతో కలిపి రెండు గంటలకు సాగదీయాలి. కాబట్టి కథను తొమ్మిది అంకాలుగా విడగొడతారు. ప్రతి అంకం చివరా ప్రేక్షకురాలు కదలకుండా కూర్చునేందుకు ఓ చిన్న సందేహం మిగలాలి. అలాగని అది ఆమెను కలవరపెట్టేంత పెద్దది కాకూడదు. ఆగిపోయిన ముద్దు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ప్రకటనలిచ్చే వారికి కావలసింది సంతోషంగా ఉన్న కొనుగోలుదారు. ఏడిపించే సినిమా మధ్యలో నగల ప్రకటన అతకదు.

ఇన్ని తెలిశాక ఎగతాళి చేయడం తేలిక. చేసేవాళ్లూ తక్కువేమీ లేరు. 2017 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ కంపెనీయే ఆ పని చేసింది. 53 మంది 18 రోజులుగా రోజూ ‘ఎ క్రిస్మస్ ప్రిన్స్’ చూస్తున్నారని ట్విటర్‌లో బయటపెట్టి, పాపం మిమ్మల్ని అంతగా నొప్పించిందెవరని వాళ్లను అడిగింది. ఎవరు ఏం చూస్తున్నారో కంపెనీ ఇలా నిఘా వేస్తోందా అని జనం మండిపడ్డారు. గోప్యత సంగతి అలా ఉంచితే, ఆ వెటకారపు ప్రశ్నలో కంపెనీకి తెలియకుండానే ఓ నిజం దొర్లింది. ఒకే సినిమాను 18 రోజులు చూసేవారిని ఎవరో ఒకరు, ఏదో ఒకటి నొప్పించే ఉంటుంది. అందుకే చూస్తున్నారు.

2020 మార్చిలో కోవిడ్ భయంతో అమెరికాలో ఒక్కో రాష్ట్రం తలుపులు మూసుకుంటున్న వారంలో హాల్‌మార్క్ చేసిన మొదటి పని క్రిస్మస్ సినిమాలను వరసబెట్టి ప్రసారం చేయడం. బయట వసంతం. ఆస్పత్రుల్లో పడకలు చాలవేమోనన్న ఆందోళన. తెర మీద మాత్రం అందరూ మాస్కుల్లేకుండా ఒకరినొకరు కావిలించుకుంటూ, ఒకే గిన్నెలో పిండి కలుపుతున్నారు. ఆ నెలలో వాటిని చూసినవారికి నాయిక ఎవరిని ఎంచుకుంటుందన్నది పెద్ద విషయం కాదు. పది మంది ఒక గదిలో చేరడమే అప్పుడు కథ.

ఈ ఆకర్షణకు మూలం ఒంటరితనమని చెప్పడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు. 2023లో నాటి అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఒంటరితనాన్ని ప్రజారోగ్య సమస్యగా గుర్తిస్తూ ఓ ప్రత్యేక హెచ్చరిక విడుదల చేశారు. పొగతాగడం, ఊబకాయం వంటి వాటి గురించి మాట్లాడే పదవిలో ఉన్న వ్యక్తి పలకరించే మనిషి లేకపోవడం గురించి మాట్లాడాల్సివచ్చింది. రాత్రి డ్యూటీ దిగి పడుకోలేని నర్సుకు, మంచం పట్టిన తల్లికి సేవ చేస్తూ హాల్లో కూర్చున్న కూతురికి, పిల్లలు రానన్న పండగకు చెట్టు పెట్టాలా వద్దా అని ఆలోచించే వృద్ధురాలికి ఈ సినిమాలు ఓ హామీ ఇస్తాయి. ఈ రెండు గంటల్లో ఎవరూ చావరు, ఎవరూ అరవరు, ఎవరూ మోసపోరు. మధ్యలో కునుకు తీసినా పోయేదేమీ లేదు. లేచేసరికి అంతా అనుకున్నచోటే ఉంటుంది.

పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు కూడా ఈ హామీ విలువ తెలుసు. న్యూజెర్సీలోనో, మిషిగన్‌లోనో డిసెంబర్ వచ్చిందంటే తొందరగానే చీకటి. కారు నడపడం రాదు, బయట అడుగు పెడితే జారుడు. కొడుకూ కోడలూ ఆఫీసులో, మనవలు స్కూల్లో. అలాంటి మధ్యాహ్నాల్లో రిమోట్ నొక్కుతుంటే తగిలే అమెరికా సినిమాల్లో పెద్దవాళ్లు పిల్లల పక్కన కూర్చుని నిస్సంకోచంగా చూడగలిగేవి ఇవే. తుపాకులుండవు, బూతులుండవు, పక్కకు చూడాల్సిన సన్నివేశాలుండవు. భాష సగమే అర్థమైనా కథ మొత్తం అర్థమవుతుంది. ఎందుకంటే ఈ కథ వారికి కొత్త కాదు.

పట్నం నుంచి పండక్కి ఊరికొచ్చిన మనిషి మనసు మార్చుకోవడం తెలుగు సినిమాకు కొట్టిన పిండి. వాళ్లకు క్రిస్మస్ ఎలాగో మనకు సంక్రాంతి అలాగ. విడుదలల సీజన్ కూడా అదే. 2017 సంక్రాంతికి వచ్చిన ‘శతమానం భవతి’ ఇందుకు మంచి ఉదాహరణ. గోదావరి జిల్లా పల్లెటూరు, పెద్ద ఇల్లు, ముగ్గులు, గొబ్బెమ్మలు, విదేశాల్లో స్థిరపడిన పిల్లలు, ఇక్కడే ఉండిపోయిన మనవడు, వచ్చిన మనవరాలు. ముగింపు ఏమిటో టికెట్ కొనేటప్పుడే తెలుసు. వినోదం పంచిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా దానికి జాతీయ అవార్డు వచ్చింది. మూస అన్నది ఓ దేశం సొత్తు కాదు. ఇల్లు వదిలి వెళ్లిన జనం ఉన్న ప్రతి చోటా ఇంటికి తిరిగొచ్చే కథకు గిరాకీ ఉంటుంది.

కానీ రెండింటికీ ఓ తేడా ఉంది. ‘శతమానం భవతి’లో పిల్లలు వాళ్లంతట వాళ్లు రారు. ఏళ్ల తరబడి ఎదురుచూసి విసిగిపోయిన తండ్రి, మీ అమ్మా నేనూ విడాకులు తీసుకుంటున్నామని అబద్ధమాడి రప్పిస్తాడు. ఆ అబద్ధం బయటపడ్డాక ఇంట్లో నిజమైన గాయమే తగులుతుంది. పిల్లలు రాకపోవడం తప్పా, రావాలనుకోవడం తప్పా అన్న ప్రశ్నను సినిమా కాసేపైనా ప్రేక్షకుల ముందు పెడుతుంది. థియేటర్ నుంచి బయటికొచ్చి ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసిన కొడుకులు కొందరైనా ఉంటారు. హాల్‌మార్క్ సినిమాల్లో తల్లి ఎప్పుడు వెళ్లినా నవ్వుతూ తలుపు తీస్తుంది. నాలుగేళ్లుగా ఎందుకు రాలేదని నిలదీయదు. చేతికి వేడి వేడి కోకో కప్పు ఇస్తుంది. ఇల్లు ఎదురుచూస్తుంది గానీ ఎదురు ప్రశ్నించదు. ఊరట కోరి వచ్చినవారికి ఇది బాగానే ఉంటుంది, వచ్చినవారు ఏ బాకీ తీర్చనక్కర్లేదు కాబట్టి.

ఈ సినిమాల మీద తరచుగా వచ్చే ఫిర్యాదు నాయిక ఉద్యోగం గురించి. ఆమె తెలివైనది, కష్టపడి పైకొచ్చింది, ప్రమోషన్ గుమ్మంలో ఉంది. సినిమా మొదటి పావుగంటలోనే ఆ ఉద్యోగం ఓ జబ్బులాంటిదని, ఊరు దానికి మందని తేలిపోతుంది. మారాల్సింది ఎప్పుడూ ఆమే. బేకరీ యజమాని న్యూయార్క్ వచ్చి ఆమె వండుకున్న అన్నం తిని బాగుందంటే కథ కుదరదు. పనిలో అలసిపోయిన స్త్రీలు ఈ సినిమాలకు ప్రధాన ప్రేక్షకులు. అలసట నిజమే. వారాంతంలో కూడా వదలని ఆఫీసు, ఇంటికొచ్చాక ఎదురయ్యే రెండో విడత చాకిరీ నిజమే. దానికి సినిమా చూపే పరిష్కారం మాత్రం ఉద్యోగం మానేసి బిస్కెట్లు చేయడం. అమెరికాలో ఉద్యోగం మానేస్తే చాలామందికి దాంతోపాటే ఆరోగ్య బీమా కూడా పోతుందన్న సంగతి ఏ పాత్రకూ గుర్తురాదు.

వెళ్లి చేరుకునే ఆ ఊరు కూడా ఆలోచించదగ్గదే. తెర మీద ప్రతి దుకాణంలో మనుషులున్నారు, ప్రతి దుకాణం ఎవరో ఒక ఊరివాడిది. వాస్తవానికి 2010, 2020 జనాభా లెక్కల మధ్య మహానగర ప్రాంతాలకు వెలుపల ఉన్న అమెరికన్ కౌంటీల మొత్తం జనాభా తగ్గింది. ఓ దశాబ్దం మొత్తమ్మీద అలా తగ్గడం ఆ దేశ చరిత్రలో అదే మొదటిసారి. పిల్లలు చదువులకు వెళ్లి తిరిగిరాలేదు. మెయిన్ స్ట్రీట్ దుకాణాలు ఊరి చివర వెలసిన వాల్‌మార్ట్ ముందు నిలవలేక మూతపడ్డాయి. 2021 నుంచి 2023 వరకు దేశంలో ఏటా లక్ష మందికి పైగా మోతాదు మించిన మత్తుమందులకు బలయ్యారు. 2024లో ఆ సంఖ్య బాగా తగ్గినా, చిన్న పట్నాల్లో ఆ చావులు చూడని వీధి అరుదు. టీవీ ఊరు అందంగా ఉండటం తప్పు కాదు. నిజమైన ఊరికి ఏమైందో చెప్పే అవసరాన్ని అది మాయం చేస్తుంది. ఊరు అక్కడే పదిలంగా ఉంది, మీరే మరిచిపోయి నగరానికొచ్చేశారు అని చెబుతుంది. నిజంలో మనుషుల్ని ఊరు వదిలించింది చాలావరకు ఉపాధి లేకపోవడమే.

డబ్బు విషయంలోనూ ఇదే తంతు. హోటల్‌కు అప్పుంది, బ్యాంకు గడువిచ్చింది. పండగ ముందురోజు ఊరంతా కలిసి ఓ వేడుక చేస్తే అప్పు తీరిపోతుంది. ఈ ఘట్టానికి తాత లాంటి సినిమా ఒకటుంది. ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’. విడుదలైనప్పుడు ఆశించినంత ఆడలేదు. 1974లో కాపీరైట్ పునరుద్ధరించడం మరిచిపోవడంతో టీవీ స్టేషన్లు డబ్బు కట్టకుండా ప్రతి క్రిస్మస్‌కూ వేసుకున్నాయి. అలా అది అమెరికా ఇంటింటి సినిమా అయింది. ఓ రకంగా బుల్లితెర క్రిస్మస్‌కు పునాది అదే. అందులోనూ చివరికి ఊరి జనం చందాలు తెచ్చి కుమ్మరిస్తారు. అంతకుముందు ఏం జరుగుతుందో చూడాలి. ఎనిమిది వేల డాలర్లు పోయి, జైలు తప్పదనుకున్న నాయకుడు జార్జి బెయిలీ భార్యాపిల్లల మీద అరుస్తాడు, తాగుతాడు, చావడానికి వంతెన మీదికి వెళ్తాడు. ఆ డబ్బు నొక్కేసిన వడ్డీ వ్యాపారి పాటర్‌కు చివరిదాకా ఏ శిక్షా పడదు. చీకటిని అంతదూరం చూపింది కాబట్టే ఆఖరి సన్నివేశంలో జనం గుమ్మంలోకి దూసుకొస్తుంటే కళ్లు చెమరుస్తాయి.

అంతకు ఆరేళ్ల ముందు, 1940లో ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన ‘ద షాప్ ఎరౌండ్ ద కార్నర్’ నేటి క్రిస్మస్ ప్రేమకథలకు ఇంకా దగ్గరిది. బుడాపెస్ట్‌లో ఓ దుకాణం, పొద్దస్తమానం పోట్లాడుకునే ఇద్దరు ఉద్యోగులు. వాళ్లే తెలియకుండా ఒకరికొకరు ప్రేమలేఖలు రాసుకుంటుంటారు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం నిజం తెలుస్తుంది. ఫక్తు హాల్‌మార్క్ సరుకే. అయితే అందులో ప్రతివారికీ ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం ఉంటుంది. భార్య మోసం తెలిసి దుకాణం యజమాని ఆత్మహత్యకు ప్రయత్నిస్తాడు. బతికి బయటపడ్డాక పండగ రాత్రి మంచులో నిలబడి, ఇంటికెళ్తున్న ఒక్కో ఉద్యోగినీ భోజనానికెవరైనా తోడొస్తారా అన్నట్లు పలకరిస్తాడు. అందరికీ ఎవరో ఒకరున్నారు. చివరికి ఊళ్లో ఎవరూ లేని కుర్ర పనివాడు దొరుకుతాడు. ఇద్దరూ పెద్ద హోటల్‌కు వెళ్తారు. నాయికా నాయకుల ముద్దు కంటే ఈ చిన్న ఘట్టమే చాలాకాలం గుర్తుంటుంది. ఒంటరితనానికి ఒంటరితనం అని పేరు పెట్టి పిలిచిన ఘట్టమది.

నేటి టీవీ క్రిస్మస్‌లోకి ఎవరికి ప్రవేశముందన్నది మరో వివాదం. చాలా ఏళ్లపాటు నాయికా నాయకులు దాదాపు అందరూ తెల్లవారే. నల్లజాతి నటులు నాయిక స్నేహితురాలిగానో, ఊరి మేయరుగానో కనిపించేవారు. 2019 డిసెంబర్‌లో ఇద్దరు వధువులు ముద్దు పెట్టుకునే ఓ ప్రకటనను ఓ సంప్రదాయవాద బృందం అభ్యంతరంతో హాల్‌మార్క్ ఆపేసింది. దాంతో పెద్ద దుమారం రేగింది. కొద్ది రోజుల్లోనే కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. చానల్ మాతృసంస్థ అధిపతి బిల్ ఎబట్ 2020 జనవరిలో తప్పుకున్నారు. అదే ఏడాది ‘ద క్రిస్మస్ హౌస్’లో ఓ స్వలింగ జంటకు ముఖ్య పాత్రలు దక్కాయి. ఎబట్ మరుసటి సంవత్సరం కొత్త చానల్ సంస్థ పెట్టారు. హాల్‌మార్క్ క్రిస్మస్‌కు ముఖచిత్రం లాంటి నటి క్యాండిస్ కామెరాన్ బ్యూరె 2022లో అందులో చేరి, తమ చానల్ సంప్రదాయ వివాహానికే కట్టుబడి ఉంటుందన్నట్లు మాట్లాడటంతో మరో దుమారం రేగింది. కాఫీ ఒలకడం తప్ప గొడవలే లేని ప్రపంచం బయట ఇంత గొడవ జరిగింది. తెర మీది ఆ వెచ్చటి గదిలో తమకూ ఓ కుర్చీ కావాలని జనం పోట్లాడారంటే, ఆ గది ఎవరికీ పట్టనిది కాదనే అర్థం.

వింతేమిటంటే ఈ క్రిస్మస్‌లో క్రీస్తు కనిపించడం తక్కువ. చెట్టుంది, శాంటా ఉన్నాడు, బహుమతులున్నాయి. ప్రార్థన మాత్రం అరుదు. ప్రకటనదారులు ఎవర్నీ దూరం చేసుకోదలచుకోకపోవడం అందుకు ఓ కారణం. గుంటూరులోనో, మెదక్‌లోనో పండగ చేసుకునే తెలుగు క్రైస్తవ కుటుంబానికి ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది. వారికి క్రిస్మస్ అంటే ఇంటి ముందు వేలాడే నక్షత్రం, చలిలో ఇల్లిల్లూ తిరిగే పాటల బృందం, అర్ధరాత్రి ఆరాధన, తెల్లారాక ఇరుగుపొరుగుకు పంచే భోజనం. 1924లో పూర్తయిన మెదక్ చర్చి కరవు రోజుల్లో ఆకలితో వచ్చినవారికి పనీ తిండీ ఇస్తూ కట్టిందని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. క్రిస్మస్ కథ మొదలయ్యేదే నిండు గర్భిణికి బసలో చోటు దొరక్కపోవడంతో. టీవీ సినిమాల బసలో మాత్రం నాయికకు ఎప్పుడూ ఓ గది ఖాళీగా ఉంటుంది.

అలాగని ఈ సినిమాల్లో దుఃఖమే లేదనలేం. నిజానికి చావు ప్రతి రెండో కథలో ఉంటుంది. నాయకుడి భార్య పోయింది, నాయిక తల్లి పోయింది, నాన్నమ్మ పోతూ పోతూ బేకరీ రాసిచ్చింది. కాకపోతే ఆ చావులన్నీ సినిమా మొదలవకముందే జరిగిపోతాయి. ఆస్పత్రి గది ఉండదు, ఖర్చులుండవు, పోయినవాళ్ల బట్టలు ఏం చేయాలన్న ప్రశ్న ఉండదు. మిగిలేది గోడ మీద ఫొటో, పెట్టెలో ఓ అలంకారపు బొమ్మ. గ్రీటింగ్ కార్డు చేసే పని కూడా ఇదే. సానుభూతి మాటలు ముందే అచ్చయి ఉంటాయి, కింద పేరు రాస్తే చాలు. మాటలు దొరకని వేళ కార్డు ఓ ఉపకారమే. అయితే కార్డు పంపి ఊరుకోవడం వేరు, ఆ ఇంటికి వెళ్లి కూర్చోవడం వేరు.

ఇక్కడే ఈ సినిమాల మీద రావలసిన అసలు ఫిర్యాదు ఉంది. కథ ముగింపు ముందే తెలియడం లోపమని విమర్శకులంటారు. అది సరికాదు. రామాయణం హరికథ వింటున్న జనంలో సీత దొరుకుతుందా లేదా అని అనుమానపడేవారుండరు. అయినా అశోకవనం ఘట్టం వచ్చేసరికి కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. చివరికి అంతా మంచే జరుగుతుందని తెలియడం వల్లే మధ్యలోని కష్టాన్ని వాళ్లు గుండె నిబ్బరంతో వినగలుగుతారు. ముగింపు భద్రంగా ఉందంటే మధ్యలో ఎంత లోతుకైనా దిగే వీలు కథకుడికి దొరికినట్టే. స్క్రూజ్ మారతాడని తెలిసే జనం డికెన్స్ 1843లో రాసిన క్రిస్మస్ కథను మళ్లీ మళ్లీ చదువుతారు. ఆ నవలికలో ఆకలి, చలి, పసివాడి చావు భయం అన్నీ ఉన్నాయి. హాల్‌మార్క్ సినిమాలకు అంతే భద్రమైన ముగింపు చేతిలో ఉంది. ఆ అవకాశాన్నే అవి వాడుకోవు. ఒడ్డున తాడు కట్టుకుని కూడా మోకాలి లోతుకు మించి దిగవు.

ఈ మధ్య కొంత మార్పు కనిపిస్తోంది. 2022లో అమెరికా కేబుల్ టీవీలో అందరికంటే ఎక్కువమంది చూసిన కొత్త సినిమా ‘త్రీ వైజ్ మెన్ అండ్ ఎ బేబీ’ హాల్‌మార్క్‌దే. అందులో ప్రేమకథ పక్కకు తప్పుకుంది. ఓ పసిబిడ్డను సాకాల్సివచ్చిన ముగ్గురు అన్నదమ్ముల పాట్లు ముందుకొచ్చాయి. పిల్లల్ని చూసుకోవడం ఆడవాళ్ల పనే అన్న పాత పాఠానికి అది కాస్త తిరగేసిన పాఠం. 2024లో హాల్‌మార్క్ తన పేరుతో కొత్త స్ట్రీమింగ్ సేవ మొదలుపెట్టింది. అదే ఏడాది నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘హాట్ ఫ్రాస్టీ’లో భర్తను పోగొట్టుకున్న నాయిక దుఃఖాన్ని మరీ ఫొటోకే వదిలేయలేదు. ఆమెను ఆదుకునేది ప్రాణం పోసుకున్న ఓ మంచు బొమ్మ కావడం వేరే సంగతి. ప్రేక్షకులు ఈ మార్పులకు బెదిరిపోలేదు. వారు సున్నితమైనవారని నిర్మాతలు వేసిన అంచనా తప్పేమో.

జనవరి మొదటి వారంలో అమెరికా వీధుల పక్కన ఎండిన క్రిస్మస్ చెట్లు చెత్తబండి కోసం ఎదురుచూస్తూ పడి ఉంటాయి. ఆకుల్లో ఇంకా తళుకు కాగితం ముక్కలు వేలాడుతుంటాయి. ఈ సినిమాలు అంతదూరం రావు, 25 తెల్లవారుజామునే ఆగిపోతాయి. న్యూయార్క్ వదిలి వచ్చిన అమ్మాయి ఫిబ్రవరిలో ఆ బేకరీ ఎలా నడుపుకుంటుందో, మంచు కరిగాక వీధి ఎలా ఉంటుందో, ఎనిమిదేళ్ల పాప కొత్త అమ్మతో మొదటిసారి ఎప్పుడు పోట్లాడుతుందో ఎవరూ చెప్పరు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని చూసినవారికి మాత్రం 26 వచ్చి తీరుతుంది. రెండు గంటల హాయి వారికి నిజంగానే దక్కింది, దాన్ని ఎవరూ తీసిపారేయనక్కర్లేదు. టీవీ కట్టేశాక గదిలో మళ్లీ వాళ్లొక్కరే ఉంటారని తెలిసిన సినిమా ఒకటి వస్తే, దాన్ని 18 రోజులు చూసినా ఎవరూ నవ్వరు.